పిలిస్తే రాని మల్లవ్వ

ఎండకాలం సెలవులల్ల బడిపిల్లల్ని ఊర్లకు తీసుకపోయి, ముసలోళ్ల ముంగట కూసోబెట్టి, ఆ ఊరి పాత ముచ్చట్లు ఇనిపించి రాయించుడు నా పని. సోషల్ టీచర్‌గ నా నౌకరిల నాకు మస్తు ఇష్టమైన పని ఇదే. మస్తు భయపెట్టిన పని కూడ ఇదే. ఇప్పుడు కొత్తగ ఈ పనిలకు దిగే టీచర్లు నా దగ్గరికి వచ్చి, పిల్లలకు ఏమేం ప్రశ్నలు నేర్పాలె మేడం అని అడుగుతరు. ప్రశ్నలు పిల్లలే తయారు చేసుకుంటరు. మనం నేర్పాల్సింది ఎదుటి మనిషి ముఖంల భయం ఎప్పుడు దిగుతదో చూసుడు. అది నాకు ఎవ్వరు చెప్పలే. ఒక ఎండకాలం మర్రిగూడ దిక్కు ఒక ఊర్ల నేర్చుకున్న. ఆ ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు మార్చిన.

నకిరేకల్ దిక్కు ముసలాయన

పోలీసు యాక్షన్ అయి నలభై ఏండ్లు దాటినంక మేం ఈ పని మొదలువెట్టినం. మా పిల్లల తాతలు, అవ్వలు రజాకార్లను చూసినోళ్లు, దొరల మీద కొట్లాడిన సంఘాన్ని చూసినోళ్లు, ఆ తర్వాత వచ్చిన మిలట్రీని చూసినోళ్లు. అడిగితే ఇష్టంగ చెప్తరనుకున్న. కొందరు చెప్పిన్రు. పాటలు కూడ పాడిన్రు. చానమంది మాత్రం ముందుగాల మమ్మల్ని ఎవరు పంపిన్రో అడిగిన్రు. మేం తిరిగే రోజులల్ల కూడ కొత్తవాళ్లు ఊర్లకు వచ్చి మాటలు రాసుకుంటే జనం జంకేది. ఆ జంకు కొత్తదో పాతదో చెప్పుడు కష్టం.

మొదటి ఏడు నకిరేకల్ దగ్గర ఒక ఊర్ల ఒక ముసలాయన మా పిల్లలతోని నవ్వుకుంట మాట్లాడిండు. సంఘపోళ్లకు తాను అన్నం మోసిన సంగతి చెప్పిండు. పిల్లలు సంబురపడ్డరు. తెల్లారి ఆయన కొడుకు సైకిల్ మీద మా బడికొచ్చి, చేతులు కట్టుకొని నిలవడ్డడు. మా బాపు పేరు కొట్టెయ్యుండ్రి టీచర్, నిన్న మీరు పోయినప్పటిసంది అన్నం ముడుతలేడు, రోడ్డు మీద ఏ బండి సప్పుడైనా లేచి కూసుంటుండు అన్నడు. నేను ఆయన ముంగటనే కొట్టేసిన. దేశంల ఎన్ని ఎలక్షన్లు జరిగినయ్, ఎందరు మంత్రులు మారిన్రు! ఆ ముసలాయనకు మాత్రం అన్నం మోసిన నేరం ఇంక తీరలే.

పిల్లల సంగతి కూడ దాచకుండ చెప్త. ఆ వయసు పిల్లలకు నెత్తురు ముచ్చట్లంటే ఆశ. ఎట్ల కొట్టిన్రు, ఏంతోని కొట్టిన్రు అని అడుగుతరు. చెడ్డ పిల్లలని కాదు, వాళ్లకు అది సినిమా. అందుకే నేను ఒక్కటే కట్టడి పెట్టిన. చెప్పే మనిషి ఆగిన కాడ మనం కూడ ఆగాలె. ఎంతసేపైనా సరే, మనం కదిలియ్యొద్దు. ఈ కట్టడి పిల్లలకు కష్టమే అయ్యేది. స్వరూప అనే పిల్ల ఒక్కతే మొదటి రోజుకే పట్టుకున్నది.

స్వరూప హాలియా దగ్గరి పిల్ల. కాలువ నీళ్లు, వరిపొలాల నడుమ పెరిగింది. తొమ్మిది పాసై పదిలకు పోయే వయసు. తక్కువ మాట్లాడేది. వాళ్ల నాయిన వ్యవసాయం చేసేటోడు. పిల్లను మా బస్సు ఎక్కించేటప్పుడు, ఆడపిల్లను ఇడిచి ఎన్నడు ఉండలే మేడం, మీ చేతులల్ల పెడుతున్న అన్నడు. ఆ మాట నా గుండెల రాయి లెక్క ఉండిపోయింది. ఈ పనిలకు వచ్చేటోళ్లు ఇది యాదుంచుకోవాలె. పాత కాలం ఎంత పెద్దదైనా కానీ, ముందుగాల మన చేతుల ఉన్నది ఇంకొకరి పిల్ల.

మా పెద్దసారు

మాకు పైన ఒక పెద్దసారు ఉండె. ఆయన చెడ్డోడు కాదు. బస్సు ఇప్పించింది ఆయనే, టేప్ రికార్డర్ తెచ్చింది ఆయనే. ఆడపిల్లల్ని ఊర్లకు ఎట్ల పంపుతరని పైవాళ్లు అడిగితే నా పక్కన నిలవడి జవాబు చెప్పిండు. గని ఆయనకు ఎండకాలం ఆఖర్ల జరిగే మీటింగు మీదనే ధ్యాస. స్టేజీ మీద ముసలోళ్లు నిలవడి చెప్పాలె, జనం చప్పట్లు కొట్టాలె. నేను ఒకసారి, భయపడినోళ్ల ముచ్చట్లు కూడ రాస్తున్నం సార్ అంటే, భయం ముచ్చట్లు ఎవరు ఇంటరు టీచరమ్మా అన్నడు.

భయపడ్డోళ్లే ఎక్కువమంది కద సార్ అన్న. ఆయన ఇనలే.

గొర్ల ఇల్లు

మర్రిగూడ దిక్కు ఆ ఊరు ఒక రాతిగుట్ట కింద ఉంటది. చుట్టు పత్తి చేన్లు, కంది చేన్లు, అన్ని వాన మీద ఆధారం. నీళ్లల్ల ఫ్లోరైడ్. ముసలోళ్ల నడుములు వంగిపోయి, మోకాళ్లు కట్టెలైపోయి ఉంటయి. మేం ఊరి బడిల దిగినం. పిల్లలకు మర్రిగూడ నుంచి నీళ్లు తెప్పిస్తుంటిమి.

మల్లవ్వది గొర్లు కాసే ఇల్లు. మొగడు పోయిండు. కొడుకు, కోడలు సాయమ్మ, గొర్లెంబడి పోయే మనుమడు ఉన్నరు. మల్లవ్వ నిటారుగ నిలవడలేదు, మోకాళ్లు ఒంగవు. వాకిట్ల మంచం మీద కూసొని ఉన్ని ఒడుకుతుండె. స్వరూప పోయి ఆమె పక్కన నేల మీద కూసున్నది. మొదటి రోజంత ఉన్ని ముచ్చట్లే. రెండో రోజు మల్లవ్వనే మొదలువెట్టింది. తాను స్వరూప అంత ఉన్నప్పుడు ఊర్లకు తుపాకులు వస్తే ఆడోళ్లు, పిల్లలు గుట్ట ఎక్కి దాసుకునేదట. పెద్ద రాతిగుండ్ల నడుమ ఒక సందు ఉన్నదట, బయటికెళ్లి చూస్తే కనవడదట, లోపల సల్లగ ఉంటదట.

నేను మధ్యల పోయి, వచ్చింది రజాకార్లా, మిలట్రీనా అని అడిగిన. మా పుస్తకంల ఆ రెంటి నడుమ ఒక గీత ఉంటది. పోలీసు యాక్షన్‌కు ముందు ఒక పాఠం, తర్వాత ఇంకో పాఠం. మల్లవ్వ నా దిక్కు చూసి, "ఎవ్వరని ఏం చెప్పాలె పంతులమ్మా. తుపాకులు," అన్నది.

తర్వాత ఒక్క మాట అన్నది. మా నాయిన కూడ గా సందుల దాసుకున్నడు, ఒకరోజు గుట్ట కింద నుంచి పిలుస్తే దిగిపోయిండు, మల్ల రాలే అన్నది. అక్కడ ఆగింది. చేతుల కదురు కూడ ఆగింది. స్వరూప ఏం అడగలే. టేప్ తిరుగుతనే ఉన్నది. మల్లవ్వ మల్ల ఉన్ని అందుకొని, పొద్దువోయింది, పోయి అన్నం తిను బిడ్డా అన్నది.

జీపు

ఆ సంగతి పెద్దసారుకు ఎట్ల తెలిసిందంటే, పిల్లలు బడిల కూసొని టేప్ ఇంటుంటే నల్లగొండకు పోయే మా సారొకాయన ఇని, మంచి కథ దొరికిందని పోయి చెప్పిండు. తెల్లారి పొద్దుగాల నేను ఊరి అవతలి దిక్కు ఉన్న ఇండ్లకు కొందరు పిల్లల్ని తీసుకపోయిన. అప్పుడు పెద్దసారు జీపుల వచ్చిండు. డ్రైవరు ఖాకీ బట్టలేసుకున్నడు. ఫోటోలు తీసే మనిషి ఒకాయన. జీపు నేరుగ మల్లవ్వ వాకిట్ల ఆగింది.

అక్కడ జరిగింది తర్వాత స్వరూప చెప్పింది. పెద్దసారు మంచిగనే మాట్లాడిండట. నమస్తే అవ్వా, నువ్వు పెద్ద కథ చెప్పినవట, నిన్ను స్టేజీ మీద కూసోబెడ్తం అన్నడట. మల్లవ్వ డ్రైవరునే చూస్తుండెనట. పెద్దసారు ఇంక జర దగ్గరికి జరిగి, గట్టిగ, మీ నాయినను ఎవరు పిలిచిన్రు, పేరు యాదికున్నదా అని అడిగిండట. స్వరూప లేచి, సార్, అవ్వకు పానం మంచిగ లేదు అన్నదట. పెద్దసారు ఆమెను పక్కకు జరగమన్నడట. మల్లవ్వ లోపలికి పోయింది. చానసేపు చూసి జీపు ఎల్లిపోయింది.

నేను వచ్చేసరికి స్వరూప ఆ ఇంటి ముంగట నిలవడి ఉన్నది. అవ్వ లోపల లేదు టీచర్ అన్నది. ఎనుక తలుపు తీసి ఉన్నది.

ముందుగాల ఎవ్వరు పరేషాన్ కాలే. ఆ మోకాళ్లతోని ఎక్కడికి పోతది, పక్కింట్ల ఉంటదన్నరు. పక్కింట్ల లేదు. దొడ్లె లేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆ ఎండల రాళ్లు కూడ పగులుతయా అన్నట్టు ఉంటది. సాయమ్మ ఏడుపు మొదలువెట్టింది. మొగోళ్లు బావుల దిక్కు ఉరికిన్రు. ఒక బావిల గాలం ఏసి లాగుతుంటే నేను ఒడ్డు మీద నిలవడ్డ. గాలానికి ఏం తగలొద్దు దేవుడా అనుకుంట కండ్లు మూసుకున్న. పాత చీరె పేలిక ఒకటి వచ్చింది. మల్లవ్వది కాదని సాయమ్మ చెప్పింది. మా పిల్లలంత ఒక్క దగ్గర ముద్దయ్యి నిలవడ్డరు. ముచ్చట్లు అడగవచ్చి మనిషిని చంపిన్రని ఊరు అంటదని నాకు తెలుసు. అనకపోయినా నేను అనుకుంట.

అప్పుడు స్వరూప నా చెయ్యి పట్టుకొని గుట్ట దిక్కు చూపించింది. ఆ కాళ్లతోని గుట్ట ఎట్ల ఎక్కుతది బిడ్డా అన్న. ఎక్కింది టీచర్, తుపాకులు వస్తే ఆడికే పోతమని చెప్పింది కద అన్నది.

గుండ్ల సందు

మేం ఇద్దరం ఎక్కినం. తొవ్వ అంటూ ఏం లేదు. బండలు కాలుతున్నయ్. కొంచెం మీదికి పోయినంక ఒక బండ మీద నెత్తురు మరకలు కనవడ్డయ్. చేతులు ఆన్చుకుంట, కూసొని జరుగుకుంట ఎక్కింది ముసలామె. దగ్గరికి పోయేసరికి గుండ్ల నడుమ చీకట్ల ఏదో కదిలిన సప్పుడు. నేను వంగి, అవ్వా, నేను పంతులమ్మను, బయటికి రా అని పిలిచిన. లోపల మనిషి ఇంకా ఎనుకకు జరిగింది. రాళ్లకు ఒళ్లు రాసుకున్న సప్పుడు ఇనవడ్డది.

అదే గడియల గుట్ట కిందికెళ్లి ఒక మొగగొంతు లేచింది. "మల్లవ్వా, పోయిన్రు. ఎవ్వరు లేరు. దిగు."

అది నర్సయ్య గొంతు. మల్లవ్వ ఇంటి ఎదురింటాయన. ముసలోడు. పొద్దటిసంది అందరికంటె ఎక్కువ తండ్లాడి తిరిగింది ఆయనే. ఆయన మల్ల పిలిచిండు, అవే మాటలు. లోపల మల్లవ్వ సన్నగ మూలిగింది. మొక్కుతున్నట్టు, వద్దు వద్దు అని. నేను మల్ల పిలవబోయిన. స్వరూప నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"పిలవకున్రి టీచర్. పిలిస్తే రాదు. వాళ్ల నాయినను పిలిచే కద తీసుకపోయిన్రు."

నేను లోపలికి పోత అని స్వరూప అన్నది. పాములుంటయ్, తేళ్లుంటయ్. వాళ్ల నాయిన బస్సు కాడ అన్న మాట చెవులల్ల మోగుతాంది. నా ఒళ్లు ఆ సందుల పట్టదు, ఆ పిల్లది పడతది. పొమ్మన్న. ఆ పిల్ల నీళ్ల సీసా పట్టుకొని, పక్కకు ఒంగి లోపలికి జరిగింది. బయటికి రమ్మని అనలే. ఆమె పక్కన తానూ దాసుకున్నది.

తర్వాత నీళ్లు తాగిన సప్పుడు. తర్వాత మల్లవ్వ గుసగుస. నేను బండకు చెవి ఆన్చి ఇన్న. కింద పిలిచేటోని గొంతు గుర్తువట్టినవా బిడ్డా అని అడిగింది. నర్సయ్య తాత అని స్వరూప చెప్పింది.

"గా గొంతే. గప్పుడు మీసాలు గూడ రాలే గానికి. పోయిన్రు, దిగు మామా అన్నడు. నాయిన దిగిండు."

ఎవ్వరికి చెప్పలేదా అవ్వా అని స్వరూప అడిగింది. కన్నతల్లికి చెప్పలే, మొగనికి చెప్పలే, చెప్తే మనోళ్లే పోయి నర్సి ఇల్లు తగలవెట్టేది, మల్ల తుపాకులు వచ్చేది అన్నది మల్లవ్వ. గా భయానికే నోరు మూసుకున్న అన్నది. ఎదురింట్ల మనిషి. ఒక్కనాడు ఆయనతోని మాట్లాడలేదు. ఆయన గొంతు ఇనవడకుండ ఒక్క రోజు గడవలేదు.

కిందికెళ్లి మల్ల పిలుపు వచ్చింది. నేను ఇద్దర్ని ఆడ ఇడిచి కిందికి ఉరికిన.

నర్సయ్య

ఆయన గుట్ట మొదట్ల ఎండల నిలవడి ఉన్నడు. దోతి చెమటకు తడిసి కాళ్లకు అంటుకున్నది. నేను దగ్గరికి పోయి, తాతా, ఇగ పిలవకు అన్న. ఆయన నా ముఖం దిక్కు చూసిండు. మెల్లగ నేల మీద కూసున్నడు.

ఆమెకు తెలుసా అని అడిగిండు. నేను తల ఊపిన.

"మా బాపు మెడ మీద తుపాకి పెట్టిన్రు పంతులమ్మా. పిలువుమన్నరు. పిలిచిన. ఇయ్యాల గూడ అవే మాటలు నోట్లకెళ్లి వచ్చినయ్. సగం అన్నంక నాకే ఎరుకైంది."

మరి ఎందుకు ఆపలేదని అడగబోయి ఊరుకున్న. ఆయన ఆగిన కాడ నేను కూడ ఆగాలె కద. కొంతసేపటికి ఆయనే చెప్పిండు. గుట్ట మీద ఉన్నదని తనకు పొద్దటిసంది అనుమానమట. మీదికి పోబోయి ఆగిండట. తనను చూస్తే ఆమె పానం పోతదేమో అని భయమైందట. బావుల కాడికెళ్లి మనుషులు పిలుచుకుంట ఇటుదిక్కు వస్తుంటే, నర్సయ్యనే లేచి చేతులు అడ్డంవెట్టి అందర్ని ఆపిండు. ఎవ్వరు నోరు తెరవొద్దన్నడు. ఎందుకని ఒకరిద్దరు అడిగినా చెప్పలే. ఇంటికి పోయి తలుపు పెట్టుకున్నడు. ఊరు ఊరంత గమ్మున కూసున్నది. నేను మల్ల ఎక్కి సందు బయట నీడకు కూసున్న.

పొద్దు వాలింది. గుట్ట అవతలికెళ్లి గొర్లు దిగుడు మొదలైంది. మల్లవ్వ మనుమని మందనే. వాని కోసం మనిషిని పంపినా దొరకలేదు, వానికి ఈ సంగతే తెల్వదు. గొర్ల మెడల గంటలు, ఒకదాన్నొకటి నెట్టుకుంట అరుసుడు, రోజూ లెక్కనే. లోపల మల్లవ్వ చెవివెట్టి ఇన్నదట. నాకు ఆమె మాట ఇనవడ్డది.

"గొర్లు నిమ్మళంగ పోతున్నయ్. ఎవ్వరు లేరు. పా బిడ్డా."

ముందు స్వరూప వచ్చింది, జుట్టు నిండ దుమ్ము. తర్వాత ఆమె చెయ్యి పట్టుకొని మల్లవ్వ వచ్చింది. అరచేతులు చీరుకపోయినయ్. మనుమడు మమ్మల్ని చూసి ఎక్కివచ్చి, అవ్వను ఈపు మీద ఎత్తుకొని దించిండు. నేను బండ మీదనే కూసొని ఏడ్చిన. పిల్లల ముంగట ఏడ్చుడు నా నౌకరిల అదొక్కసారే.

మీటింగు, ఆ తర్వాత

పెద్దసారు ఇదంత ఇని మల్ల వచ్చిండు, ఈసారి బడికి. గుట్ట సంగతి మీటింగుల మల్లవ్వతోని చెప్పిస్తె ఎంత మంచిగుంటది అన్నడు. నేను జవాబు తయారు చేసుకుంటుంటే స్వరూప లేచి నిలవడింది. మల్లవ్వ చెప్పింది మీటింగుకు కాదు సార్, నాకు చెప్పింది అన్నది. ఆయనకు కోపం వచ్చింది. పిల్లలకు క్రమశిక్షణ నేర్పుతలేవని నన్ను అన్నడు. ఆ ఊరి గురించి మా పిల్లలు ఉన్ని ఒడుకుడు, నీళ్ల తిప్పలు, మందలు మేపుడు రాసిన్రు. ఎవరు ఎవర్ని పిలిచిన్రో రాయలే. పెద్దసారు ఆ తర్వాత ఏ ఊరికి జీపు తీసుకరాలే. సిగ్గుకో, కోపానికో నాకు తెల్వదు.

చరిత్రకు అన్యాయం చేసినవని కొందరు దోస్తులు అన్నరు. కావచ్చు. అయితే బతికున్న మనిషిని గుట్ట ఎక్కించే చరిత్ర నాకొద్దు. పని నేర్చుకునేటోళ్లకు ఇది సూటిగ చెప్త. మీరు అడిగే ప్రశ్న మీకు పాతది. చెప్పే మనిషికి అది ఈ పొద్దుటి సంగతి. జవాబు దొరికినంక మీరు బస్సు ఎక్కి పోతరు, ఆ మనిషి అదే గల్లీల ఉండాలె. ఆమెతోని కూసునే ఓపిక లేకపోతే అడగకున్రి.

స్వరూప ఇప్పుడు హాలియా దిక్కే ఒక బడిల టీచర్. ఎండకాలం పిల్లల్ని తీసుకొని తిరుగుతది. ఇది రాసే ముందు ఆమెను అడిగిన. రాయున్రి టీచర్, అవ్వ, నర్సయ్య తాత ఇద్దరు పోయిన్రు కద అన్నది. మల్లవ్వ కూడ ఆ మాట చెప్పింది, మేం పోయినంక మీ ఇష్టం అని. ఆ చెప్పింది మరుసటేడు ఎండకాలం, నేను, స్వరూప ఆమెను చూడపోయినప్పుడు.

మల్లవ్వ అదే మంచం మీద ఉన్నది. మాటల నడుమ, నర్సయ్య ఒకరోజు తన వాకిట్లకు వచ్చి నిలవడ్డడని చెప్పింది. ఆయన ఏం మాట్లాడలేదట. తానూ ఏం మాట్లాడలేదట. నీళ్లిచ్చిందట. తాగిండా అని స్వరూప అడిగింది. తాగిండు అన్నది. మరి ఇప్పుడు భయం పోయిందా అవ్వా అని నేను అడిగిన. అడగొద్దో ఏమో, నోట్లకెళ్లి వచ్చింది.

మల్లవ్వ కదురు పక్కకు పెట్టింది.

"యాడికి పోతది పంతులమ్మా. జీపు సప్పుడైతే నేను గుట్ట దిక్కే చూస్త. గప్పుడు నర్సయ్య ఇంట్లకెళ్లి ఎల్లివచ్చి నా దిక్కు చూస్తడు, ఉన్ననా లేనా అని. జీపు పోయేదాంక ఆడనే నిలవడ్తడు. పిలవడు."